బదులు మనిషి

మూడో రోజు కూడా గంగాప్రసాద్ ఉప్మాలో ఉప్పు సంగతి ఎత్తలేదు.

పెళ్ళయిన పదిహేడేళ్ళలో శ్రీవాణి ఇలాంటిది చూడలేదు. ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందనీ, తగ్గితే తగ్గిందనీ, సరిగ్గా పడితే ‘ఇయ్యాల ఎట్లనో కుదిరింది’ అనీ ఏదో ఒకటి అనకుండా ఆయన కంచం ముందు నుంచి లేచిన రోజు లేదు. అలాంటి మనిషి బుధవారం పొద్దుటి నుంచి పెట్టింది పెట్టినట్టు తిని, కంచం కడిగి బోర్లించి, కిటికీ దగ్గర కుర్చీలో కూలబడుతున్నాడు. అందుకే ఇవాళ ఆమె కావాలనే ఉప్పు వెయ్యలేదు. ఒక్క రవ్వ కూడా.

ఆయన రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

బయట, ఒమాన్ దక్షిణపు కొసన ఉన్న సలాలా అంతా ముసురులో నానుతోంది. ఖరీఫ్ అని పిలిచే ఇక్కడి వానాకాలం వెళ్ళిపోయే రోజులు. ఎడారి ఊళ్ళ నుంచి వాన చూడడానికి వచ్చినవాళ్ళు రోడ్డు పక్కన కార్లు ఆపుకొని, తుంపరలో తడుస్తూ కొబ్బరి బోండాలు తాగుతున్నారు. ఊరంతా పండగలా ఉంది. ఈ ఇంట్లో మాత్రం ఇద్దరు మనుషులు, మధ్యన బల్ల మీద ఒక కాగితం.

ఆ కాగితం మస్కట్‌లోని పెద్ద యూనివర్సిటీ నుంచి వచ్చింది. ‘మీ విద్యార్థిని నవీనను మా వాలీబాల్ జట్టులోకి తీసుకుంటున్నాం. ఫీజు లేదు, హాస్టల్ మాదే. మీ కోచ్ పంపిన వీడియో చూసే ఆమె సంగతి మాకు తెలిసింది. మార్కుల పత్రాలు ఇప్పించగలరు’ అని దాని సారాంశం. రాసింది ఈ ఊళ్ళోని చిన్న యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కి, అంటే గంగాప్రసాద్‌కి. వీడియో పంపిన కోచ్ ఆయన భార్య.

బుధవారం ‘నువ్వే పంపినవా?’ అని ఒక్క మాట అడిగాడు. ‘అవును’ అని ఆమె ఒక్క మాట చెప్పింది. ఆ రెండు మాటలతో మూడు రోజులు గడిచాయి.

“ఏమండీ,” అంది శ్రీవాణి ఇక ఉండబట్టలేక. “తిట్టాలనుంటే తిట్టెయ్యండి. ఈ మౌనవ్రతం నా వల్ల కాదు.”

“తిట్టుడెందుకు?” గంగాప్రసాద్ పక్కనున్న ఫైలు తెరిచి ఇంకో కాగితం తీశాడు. “ఆదివారం ఆఫీసు తెరవంగనే ఇది డీన్ సాబ్ ముందట పెడుతున్న. సదువుకో.”

ఆమె చదివింది. యూనివర్సిటీ తరఫున ఆడే ఎవరైనా చదువు పూర్తయ్యేదాకా ఇంకో చోటికి వెళ్ళరాదట. వెళ్తే మార్కుల పత్రాలు ఏడాదిపాటు ఆపుతారట. ఆటగాళ్ళకే కాదు, ‘శిక్షకులకు కూడా వర్తిస్తుంది’ అని ఒక ముక్క చివర తగిలించి ఉంది.

“శిక్షకులేమిటండీ? నేనెక్కడికి పోతున్నాను?”

“ఫార్మాట్ అట్లనే ఉంటది.” ఆయన కిటికీ వైపు చూశాడు.

“పిల్లల మార్కులు పట్టుకుని కూర్చుంటారా? మీరు?”

“నేను గాక ఇంకెవరు? వాణీ, జెర నా దిక్కు నుంచి సూడు. పోయినేడు రజిత పాయె. ఆమె ఎన్క అఫ్రీన్ పాయె. ఇద్దరూ నువ్వు తయారు చేసిన పిల్లలే. వొచ్చినప్పుడు బంతి పట్టుడు రాదు. రెండేండ్లు నువ్వు అరిగిపోయి నేర్పితివి. ఫోటోలు పేపర్ల పడంగనే మస్కటోళ్ళు వొచ్చి ఎత్తుకపోతిరి. ఇప్పుడు నవీన. జట్టుకు ఎనిమిది పేర్లు ఇయ్యాలె. ఎంతమంది మిగిలిన్రు?”

“ఏడుగురు.”

“ఎనిమిది లేకుంటే నవంబర్ టోర్నమెంట్‌ల పేరు ఎక్కది. పేరు ఎక్కకుంటే ఆడపిల్లల జట్టే వొద్దంటరు మేనేజ్‌మెంటోళ్ళు. జట్టు లేకుంటే కోచ్ ఎందుకంటరు. మనం నారు పోసుడు, వాళ్ళు కోసుకునుడు. ఎన్నేండ్లు?”

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అదే ఆమెకు కష్టంగా ఉంది. అబద్ధమైతే అరిచేసేది.

“మీకు నా సంగతి తెలుసు కదా,” అంది నెమ్మదిగా.

తెలుసు. ఇరవై ఏళ్ళ వయసులో శ్రీవాణి భీమవరం కాలేజీ జట్టుకు లిఫ్టర్. వచ్చిన బంతిని వల పక్కన లేపి, కొట్టేవాళ్ళ చేతికి అందించే ఆట ఆమెది. హైదరాబాద్‌లో పెద్ద జట్టువాళ్ళు రమ్మన్నారు. ప్రిన్సిపాల్ ‘మా అమ్మాయిని మేమెందుకు వదులుకుంటాం’ అని నవ్వుతూ టీసీ బీరువాలో పెట్టుకున్నాడు. తాళం తీసేసరికి ఆ ఏడాది సెలెక్షన్లు అయిపోయాయి. మరుసటి ఏడాది మోకాలు పోయింది. ఆ ప్రిన్సిపాల్ మంచివాడే. ఆమె పెళ్ళికి వచ్చి వెండి కుంకుమ భరిణె కూడా ఇచ్చాడు. ఆ భరిణెను ఆమె ఈరోజు వరకు వాడలేదు.

అప్పట్లో యూనివర్సిటీ పోటీలకు స్కోరు రాసే కుర్రాడు గంగాప్రసాద్. ఆమె ఆట ఆగిపోయిన రోజు కూడా స్కోరు పుస్తకం పట్టుకుని అక్కడే ఉన్నాడు.

“గది ఏరు, ఇది ఏరు,” అన్నాడు ఆయన.

ఆమె మస్కట్ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. ఊరికే, చేతులకు పని కావాలి కాబట్టి. పై మూల పిన్ను గుచ్చిన రెండు చిల్లులు ఉన్నాయి. పిన్ను మాత్రం లేదు. దేనితో కలిపి గుచ్చారో అనుకుంది, అంతలో కాలింగ్ బెల్ మోగింది.

*

తలుపు తీస్తే లచ్చన్న.

తెల్లచొక్కా, ఇస్త్రీ మడతలు, చంకలో ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఫైలు. రెండో చేతిలో అరటిగెల. ఇరవై నాలుగేళ్ళుగా ఒమాన్‌లో గోడలు కడుతూ, మేస్త్రీ నుంచి ఫోర్‌మన్ దాకా ఎదిగిన మనిషి. ముదీర్, అంటే పై మేనేజర్, ఎదుట నిలబడేటప్పుడు ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాడు. వెనక భార్య కమలవ్వ, ఆమె వెనక తల వంచుకుని నవీన. పందొమ్మిదేళ్ళ పిల్ల. కోర్టులో ఎవరికీ తల వంచదు.

“దండం సార్. దండం మేడమ్,” అన్నాడు లచ్చన్న.

“అరె, లచ్చన్నా! రా, లోపటికి రా. కూసో,” అన్నాడు గంగాప్రసాద్. ఇద్దరిదీ జగిత్యాల వైపే. ఆ యాస వింటే ఆయనకు ఎంత కోపంలోనైనా ముఖం విప్పారుతుంది.

“నిలవడే చెప్త సార్. పని మీద వొచ్చిన.”

“నిలవడితే పని తొందరగ అయితదా ఏంది? కూసో!” అని కమలవ్వ మొగుడి మోచెయ్యి గుంజింది. “మూడు దినాల సంది ఈ మాటలే అద్దంల సూస్కుంట అప్పజెప్పుకుంటున్నడు మేడమ్. నిద్ర లేదు, తిండి లేదు. మాకూ లేదు.”

లచ్చన్న కూర్చోలేదు. గెల బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

“సార్. నా బిడ్డ మీ కంపెనీల... అదే, మీ కాలేజీల రెండేండ్లు మంచిగ చేసింది. ఒక్కనాడు డ్యూటీ డుమ్మా కొట్టలే. ఇప్పుడు మస్కట్ల పిలుస్తున్రు. మీ ఉప్పు తిన్నది, సెప్పకుండ పోవుడు పద్ధతి గాదు. మీరు పెద్ద మనసు చేసి రిలీజ్ ఇయ్యాలె. ఎన్ఓసీ రాసిస్తే సాలు.”

“బాపూ!” నవీనకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. “కాలేజీల రిలీజ్ ఉండదని ఎన్నిసార్లు చెప్పిన! మార్కుల లిస్టు తీస్కొని పోవుడే. ఎవల్నీ అడుగుడు లేదు!”

“నువ్వు నోరు మూయి. కాయితం లేకుండ పోయినోళ్ళ గతి నేను సూసిన.”

శ్రీవాణి భర్త వైపు చూసింది.

నవీన చెప్పిందే నిజం. శుక్ర, శనివారాల సెలవు అయ్యాక ఆదివారం పొద్దున్నే కౌంటర్లో దరఖాస్తు ఇస్తే, డీన్ దగ్గరికి ఆ కొత్త నిబంధన చేరేలోగా పత్రాలు చేతిలో ఉండేవి. ఇప్పటివరకు ఈ యూనివర్సిటీలో పిల్లల్ని ఆపే నియమం లేదు. ఉందని నమ్మి, స్వయంగా వచ్చి, అడ్డుపడగలిగిన ఒకే ఒక్క మనిషి ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు ఈయన. ‘ఇవ్వను’ అంటే చాలు, లచ్చన్న కూతుర్ని తీసుకుని ఇంటికి వెళ్ళిపోతాడు. ఎదురు అడగడం ఆయనకు తెలియదు.

గంగాప్రసాద్‌కీ ఆ సంగతి అర్థమైంది. ఆయన చెయ్యి ఫైలు మీదికి వెళ్ళడం శ్రీవాణి చూసింది.

“లచ్చన్నా,” అన్నాడు. “రిలీజ్ ఇయ్యకుంటే?”

“ఏమండీ!” అంది శ్రీవాణి.

“అడగనీ వాణీ.”

లచ్చన్న చూపు నేల మీదికి దించాడు. “ముందు కంపెనీల గట్లనే అన్నరు సార్. మంచి జాగల పని దొరికింది, ఎన్ఓసీ ఇయ్యలే. ఇంటికి పోయి రెండేండ్లు కూసున్న. గప్పుడు ఈ పిల్ల ఒకటో క్లాసు. ఇప్పుడు గా కాయితం అక్కర లేదంటున్రు గని, నాకు నమ్మకం కుదురది.” తల ఎత్తాడు. “అందుకే సార్, ఒట్టి చేతులతోని రాలే. బదులు మనిషిని తెచ్చిన.”

శ్రీవాణికీ గంగాప్రసాద్‌కీ అర్థం కాలేదు. కమలవ్వ గర్వంగా తలాడించింది.

“బదులు మనిషి ఏందే?” అన్నాడు గంగాప్రసాద్.

“అదే సార్, సైట్ల ఎవలన్న పోవాలంటే అర్బాబ్, గదే మా సేటు, ఊకె పోనిస్తడా? ‘నీ జాగల ఎవడు?’ అంటడు. ఇంకో మనిషిని తెచ్చి, మూడు నెల్లు పక్కన పెట్టుకొని, నా పని వానికి నేర్పి అప్పజెప్పి పోవాలె. నేను ఎన్నడు లీవుల పోయినా అట్లనే పోయిన. మస్కట్ ఫోన్ జులైల వొచ్చింది. గానాడే చెప్పిన నా బిడ్డకు. ‘నీ జాగ ఖాళీ పెట్టి పోతే నేను ఒప్పుకోను, నీ అంతటి దాన్ని తయారు చేసి పో’ అని. కింద బండ్ల ఉన్నది సార్. పిలువుమంటే పిలుస్త.”

*

కింద పికప్ ముందు సీట్లో, ఒడిలో వాలీబాల్ పెట్టుకుని, ఒక సన్నటి పిల్ల బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. తలకు నల్ల స్కార్ఫు, కాళ్ళకు తెల్ల బూట్లు. బూట్లు నవీనవని శ్రీవాణి గుర్తుపట్టింది.

పిల్లను కూడా గుర్తుపట్టింది. సఫియా. తండ్రిది కడప, ఇక్కడ హఫా బజారులో కుట్టుపని. పోయిన ఏడాది జట్టు ఎంపికకు వచ్చినప్పుడు ‘చేతుల్లో బలం లేదమ్మా, వచ్చే ఏడు చూద్దాం’ అని పంపేసింది తనే. పంపేసి మర్చిపోయింది కూడా.

“నువ్వా?” అంది.

“నేనే మేడమ్,” సఫియా దిగి, బంతిని వీపు వెనక్కి దాచుకుంది. “నాకు పూర్తిగా రాదు మేడమ్. నవీనక్క మాదిరి అసలుకే రాదు. మీరు కోప్పడాకండి.”

“ఎక్కడ నేర్చుకున్నావు?”

“క్యాంపులో మేడమ్. శుక్రవారం శుక్రవారం, మల్లా సాయంత్రాలు.”

“మా క్యాంపు గ్రౌండే మేడమ్,” లచ్చన్న అందుకున్నాడు. “మా పోరగాళ్ళు శుక్రారం పగటీలిదాక లేవరు. ఈమె కుర్చేసుకొని కాపలా.”

“కాపలా ఒక్కటేనా?” అంది కమలవ్వ. “గోడ దాటి పోయిన బంతులన్నీ నేనే తెచ్చిన. నా మోకాళ్ళకు ఎవలిస్తరు ఎన్ఓసీ?”

నవ్వకూడదనుకుంటూనే గంగాప్రసాద్ నవ్వాడు. మూడు రోజుల తర్వాత ఆ ఇంటి మనిషి ముఖంలో నవ్వు చూసి, ఈ కమలవ్వకు ఎన్ని చీరలు పెట్టినా తక్కువే అనుకుంది శ్రీవాణి.

బిల్డింగ్ వెనక, కొబ్బరితోట గోడ దాకా కాస్త ఖాళీ స్థలం ఉంది. లచ్చన్న పికప్‌లోంచి గోడలు కట్టేటప్పుడు వరస చూసుకునే నైలాన్ దారం తెచ్చాడు. ఒక కొస కొబ్బరిచెట్టుకు, ఇంకో కొస దీపస్తంభానికి కట్టి, చెయ్యెత్తి కొలత చూసుకుని, అంగుళం పైకి జరిపాడు. వల లేకపోతేనేం, ఎత్తు సరిపోయింది.

“కొట్టేదెవలు?” అంది నవీన.

ఎవరూ లేరు. అందరూ శ్రీవాణి వైపు చూశారు.

“పిచ్చా ఏమిటి? నా మోకాలు...”

“ఎగురొద్దులే,” అన్నాడు గంగాప్రసాద్. “నిలవడే కొట్టు.”

ఆమె చున్నీ నడుముకు బిగించి కట్టుకుంది. నవీన అవతల నుంచి బంతి వేసింది. సఫియా దాని కిందికి వెళ్ళింది, వేళ్ళు విప్పింది, లేపింది. బంతి శ్రీవాణికి మూడడుగుల దూరంలో పడింది.

“తొందర పడుతున్నవ్,” అంది నవీన. “బంతి నీ దగ్గరికొచ్చేదాక ఆగు. అదెక్కడికీ పోదు.”

రెండోది తల వెనక్కి పోయింది. కమలవ్వ అలవాటు కొద్దీ లేవబోయి, మళ్ళీ కూర్చుంది. మూడోది కాస్త ముందు. తడిసిన బంతి బరువుగా ఉంటుంది, వేళ్ళ మీద జారుతుంది. ఆరితేరినవాళ్ళు కూడా వానలో బంతి లేపడానికి ఇష్టపడరు. ఈ పిల్ల నేర్చుకున్నదే వానలో.

నాలుగోది వచ్చింది.

శ్రీవాణికి చూడక్కర్లేకుండానే తెలిసింది. బంతి దారానికి జానెడు పైన, ఆమె కుడిభుజానికి ఎదురుగా వచ్చి, ఒక్క క్షణం ఆగినట్టు నిలబడింది. చెయ్యి దానంతట అదే లేచింది. దెబ్బ కొబ్బరితోట గోడకు తగిలి ఠప్పుమంది. పైన మూడో అంతస్తులో ఎవరో కిటికీ తెరిచారు.

“వన్,” అన్నాడు గంగాప్రసాద్.

తను పైకే అన్నానని ఆయనకు తెలియదు. రెండు చేతులూ వెనక కట్టుకుని, స్తంభం పక్కన, స్కోరు రాసేవాళ్ళు నిలబడే చోట నిలబడ్డాడు. ఆ తర్వాత ‘టూ’ అన్నాడు. కాసేపటికి ‘త్రీ’. మధ్యలో నాలుగు చెడిపోయాయి, వాటిని లెక్క పెట్టలేదు. ‘సిక్స్’ దగ్గరికి వచ్చేసరికి శ్రీవాణి ఆయాసపడుతూ, జుట్టంతా తడిసి, పదిహేనేళ్ళ పిల్లలా నవ్వుతోంది. ఇంత సంతోషం ఒంట్లో ఎక్కడ దాక్కుని ఉందో ఆమెకే తెలియదు.

“సఫియా,” అంది దగ్గరికి వెళ్ళి, ఆ పిల్ల వేళ్ళు చేతిలోకి తీసుకుంటూ. “పోయిన ఏడు నాదే తప్పమ్మా. నేను చేతులు చూశాను, నిన్ను చూడలేదు. ఆదివారం నుంచి ప్రాక్టీసుకు రా.”

సఫియా వెక్కి వెక్కి ఏడ్చేసింది. నవీన పక్కకు తిరిగి, దారం ముడి విప్పడానికి నానా అవస్థా పడింది. ఆ ముడి లచ్చన్న లాగగానే ఒక్కసారికి ఊడి వచ్చింది.

*

పైకి వచ్చాక టీ అయింది, అరటిపళ్ళు అయ్యాయి. గంగాప్రసాద్ తన కొత్త నిబంధన కాగితాన్ని ముందు పెట్టుకున్నాడు.

“లచ్చన్నా, పోయేటోడు నేర్పి పోవాలె అంటివి. మరి నేర్పినంక అర్బాబ్ ఆపుతడా?”

“ఎందుకాపుతడు సార్? పని ఆగది గదా. అట్ల పోయినోడు మల్ల ఎన్నడన్న వొచ్చినా చాయ్ తాపిచ్చి మాట్లాడుతడు. కొట్లాడి పోయినోడే మల్ల మొఖం సూపియ్యడు.”

గంగాప్రసాద్ పెన్ను తీశాడు. మార్కుల పత్రాలు ఆపే వాక్యం మీద అడ్డంగా గీత గీశాడు. కింద ఖాళీలో తెలుగులోనే గబగబా రాసుకున్నాడు, రాస్తూ పైకి చదివాడు.

“వెళ్ళదలచిన క్రీడాకారులను ఆపరాదు. మూడు నెలల ముందు చెప్పవలెను. ఆ మూడు నెలలు తన స్థానంలో ఆడేవారిని ఒకరిని తయారు చేయవలెను. తీసుకుపోయే యూనివర్సిటీ ప్రతి ఖరీఫ్‌లో తన జట్టును సలాలాకు పంపి, మన పిల్లలతో ఆడించవలెను.” తలెత్తాడు. “వాళ్ళు ఇక్కడికి వొచ్చి ఆడితే, మన దగ్గర చేరుడుకు పిల్లలే ఎగవడతరు. ఈడ నేర్పుతరు, ఆపరు అని పేరొస్తె సాలు. డీన్ సాబ్‌కు గిది చెప్త. ఎట్లున్నది వాణీ?”

“చివర ముక్క ఉంచారా, కొట్టేశారా?” అంది ఆమె. “ఆ శిక్షకుల సంగతి?”

ఆయన టీ గ్లాసు ఎత్తాడు. అప్పటికే అది ఖాళీ.

“సార్,” లచ్చన్న మెల్లగా కదిలాడు. “మరి నా కాయితం?”

“నీకు కాయితం అక్కర్లేదు లచ్చన్నా. ఆదివారం నవీన వొచ్చి మార్కుల లిస్టు తీస్కపోతది. అంతే.”

“అట్ల గాదు సార్. ఒక్క ముక్క రాసియ్యున్రి. సీలు గూడ.”

నవీన ‘బాపూ’ అనబోయింది. శ్రీవాణి ఆమె చెయ్యి నొక్కి ఆపింది.

గంగాప్రసాద్ తన ఆఫీసు సంచిలోంచి లెటర్‌హెడ్ తీశాడు. సీలు కూడా తీశాడు. ఆ సీలు లేకుండా ఆయన కూరగాయల కొట్టుకు కూడా వెళ్ళడని శ్రీవాణి ఎప్పుడూ ఎగతాళి చేస్తుంది. నవీన వెళ్ళడానికి యూనివర్సిటీకి ఎటువంటి అభ్యంతరమూ లేదని, ఆమె శుభం కోరుతున్నామని నాలుగు వాక్యాలు రాశాడు. సంతకం పెట్టాడు. గుండ్రటి సీలు గట్టిగా ఒత్తాడు.

లచ్చన్న కాగితాన్ని రెండు చేతులా అందుకున్నాడు. ఇంగ్లీషు చదవలేడు. సీలు మీద వేలు పెట్టి చూశాడు, సిరా వేలికి అంటింది.

“ఇరవై నాలుగేండ్లల్ల నా చేతికొచ్చిన మొదటి ఎన్ఓసీ సార్,” అన్నాడు. “బిడ్డ పేరు మీదొచ్చింది. సాలు.”

ఇంకేమైనా మాట్లాడితే ఏడుస్తాడని అందరికీ తెలుసు. కమలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పాండ్రి, ఇంటికి పాండ్రి,” అంది. “బువ్వ పొద్దాయె. ఇయ్యాలన్న తింటడేమో ఈ మనిషి.”

*

వాళ్ళు వెళ్ళాక ఇల్లు నిశ్శబ్దమైంది. పొద్దుటి నిశ్శబ్దం వేరు, ఇది వేరు. శ్రీవాణి తువ్వాలుతో జుట్టు తుడుచుకుంటూ భర్త ఎదురుగా కూర్చుంది. అరచెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది. ఆ మంట కూడా బాగుంది.

“ఇంత మంచివారు కదా మీరు,” అంది. “మరి మూడు రోజులు నన్నెందుకు చంపారు? నవీన కోసమేనా?”

గంగాప్రసాద్ సంచి దగ్గరికి లాక్కున్నాడు. అడుగు నుంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. పై మూల రెండు చిల్లులు. వాటిల్లో పిన్ను ఇంకా గుచ్చుకునే ఉంది.

“మస్కటోళ్ళు రాసింది ఒక్క పేజీ గాదు,” అన్నాడు.

ఆమె మడత విప్పింది.

‘రజిత, అఫ్రీన్, ఇప్పుడు నవీన. ముగ్గురినీ తయారు చేసింది ఒకే కోచ్ అని గమనించాం. జనవరి నుంచి మా మహిళా జట్టు బాధ్యత శ్రీవాణి గారికి అప్పగించాలని కోరిక. మీ సంస్థకు అభ్యంతరం లేదంటేనే ఆమెతో మాట్లాడతాం. దయచేసి ఈ కాగితం కింద సమ్మతి తెలిపి పంపగలరు.’

ముందుగా వచ్చింది సంతోషమే. అది ఆమె దాచలేకపోయింది. ఇరవై ఏళ్ళ వయసులో బీరువాలో ఆగిపోయిన పిలుపు ఇన్నేళ్ళకు మళ్ళీ ఇంటికి వచ్చినట్టు అనిపించి, ముఖమంతా వెలిగిపోయింది. ఆ వెలుగును ఆయన చూశాడని తెలిశాక సిగ్గు వేసింది. మస్కట్ అంటే బస్సులో పన్నెండు గంటలు. ఈ ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఆయన ఉద్యోగం ఇక్కడ.

“బుధవారమే సంచిల దాచిన,” అన్నాడు గంగాప్రసాద్. “నీకు చూపెట్టలే. ఆ ప్రిన్సిపాల్‌ను పదిహేడేండ్ల సంది తిడుతున్న. మూడు దినాలు నేను చేసింది గూడ గదే.”

ఆమె కాగితం కిందికి చూసింది. ‘అభ్యంతరం లేదు’ అన్న చోట గుండ్రటి సీలు అప్పటికే పడి ఉంది. సిరా ఎప్పుడో ఆరిపోయింది. పక్కన సంతకం చెయ్యాల్సిన గీత మాత్రం ఖాళీగా ఉంది.

“నిన్న రాత్రే సీలు వేసిన,” అన్నాడు. “సంతకానికి చెయ్యి వస్తలేదు వాణీ.”

బయట ముసురు ఆగినట్టుంది, రోడ్డు మీద ఎవరో పిల్లలు కేకలు వేస్తూ పరుగెడుతున్నారు. గంగాప్రసాద్ పెన్ను మూత తీసి, సంతకం చెయ్యకుండా ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టాడు.

“లచ్చన్న చెప్పిండు గదా. పోయేటోళ్ళు బదులు మనిషిని చూపెట్టి పోవాలెనట,” అన్నాడు నవ్వబోతూ. “జట్టుకు ఎవలనో ఒకలని తయారు చేస్తవు. నాకు?”

ఆమె చెయ్యి కాగితం మీదే ఉండిపోయింది. ఆయన చూపు తిప్పుకుని, వంటింటి వైపు చూస్తూ అన్నాడు.

“పొద్దుగాల ఉప్మాల ఉప్పు లేకుండె.”